బకెట్‌కి ఒక కప్పు

దొరసాని గిన్నె దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. మూతి పెట్టింది. పెట్టీ పెట్టగానే గిన్నె ఎదురు తిరిగి కొట్టినట్టు బుస్సుమని వెనక్కి గెంతి, అత్తగారి మంచం కిందికి పారిపోయింది. పొద్దుటి నుంచీ ఇది నాలుగోసారి.

దొరసాని అంటే పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, నాలుగు కాళ్ళకీ తెల్లని మేజోళ్ళు, నడకలో ఎక్కడలేని టెక్కు. అందుకే ఆ పేరు. ఇల్లు కొడుకూ కోడలూ కట్టుకున్నదే కావచ్చు, పిల్లి మాత్రం పదకొండేళ్ళుగా అత్తగారిదే. కొడుకు రైల్లో గార్డు, మూడు రోజులకోసారి ముఖం చూపిస్తాడు. కోడలిది నిన్న మొన్నటిదాకా ఉద్యోగం. పగలంతా ఆ మూడు గదుల ఇంట్లో మిగిలేది అత్తగారూ దొరసానీ. ఇద్దరూ కలిసి తినేవారు, కలిసి కునుకు తీసేవారు, కలిసి కోడలి మీద చాడీలు చెప్పుకునేవారు. పిల్లి ఏం చెప్పేదో మనకు తెలియదు గానీ, వినడం మాత్రం చెవులు రిక్కించి వినేది.

"ఏం కావాలే నీకు?" కోడలు గిన్నె పక్కన గొంతుక్కూర్చుని మంచం కిందికి వంగి అడిగింది. "ఆకలి లేకపోతే రాకు. వచ్చినదానివి తినకుండా నన్ను తిట్టిపోతావేం?"

"ఆకలి లేక కాదు," మంచం మీద నుంచి అత్తగారు అంది. "పెట్టే చేతిని బట్టి ఉంటుంది."

కోడలికి చురుక్కుమంది. కానీ ముప్పయిమూడేళ్ళుగా చురుక్కుమంటూనే ఉంది కాబట్టి, గిన్నె తీసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ కోడలు అల్లాటప్పా మనిషి కాదండోయ్. ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక పెద్దాసుపత్రిలో నేలల మీద పెత్తనం చేసింది. మొదటి పదేళ్ళు తను తుడిచింది, తరవాత ఇరవయ్యొక్కేళ్ళు నలభైమంది చేత తుడిపించింది. అక్కడ ఆవిడను అందరూ సూపర్వైజరమ్మ అనేవారు. ఆవిడ తుడిపించిన వరండా ఆరేదాకా పెద్ద పెద్ద డాక్టర్లు కూడా గోడ వారగా బిక్కుబిక్కుమంటూ నడిచేవారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చెప్పే పాఠం ఒక్కటే: "బకెట్‌కి ఒక కప్పు. తక్కువ పోస్తే పురుగు చావదు, ఎక్కువ పోస్తే మనిషి ఒళ్ళు మండుతుంది." చక్రాల బండి మీద నడుమెత్తు బకెట్లు, వాటిలో నీలం కప్పుతో ఒక్క కప్పు మందు. ఒకసారి ఒక కొత్తమ్మాయి రెండు కప్పులు పోసిందని తెలిసి, ఆ వార్డంతా మంచినీళ్ళతో మూడుసార్లు కడిగించి, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా వదల్లేదు.

మూడు వారాల కిందట పదవీ విరమణ అయింది. తోటివాళ్ళు చందాలు వేసుకుని గోడగడియారం కొంటామంటే, "గడియారం నాకెందుకు, నాకిప్పుడు టైమేగా ఉన్నది. మన నేలమందు ఒక డబ్బా ఇప్పించండి" అందట. నవ్వి నవ్వి, చివరికి అదే కొన్నారు. ఐదు లీటర్ల డబ్బా, దాని మెడకు ఎర్ర రిబ్బను, రిబ్బనుకు వేలాడదీసిన నీలం కప్పు. ఆవిడ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారి చేతిలోంచి తడిగుడ్డ తీసుకుంది. "ఇన్నాళ్ళూ మీరు తుడిచారు అత్తయ్యా. ఇక కూర్చోండి, నేనున్నాను కదా."

ప్రేమగానే అంది. ఇన్నేళ్ళకు ఇంటిపట్టున ఉండే రోజులొచ్చాయి, అత్తగారిని సుఖపెట్టి ఆవిడ నోట ఒక్కటంటే ఒక్క మంచి మాట అనిపించుకోవాలని ఆమె ఆశ. ముప్పయిమూడేళ్ళలో అది ఒక్కసారీ జరగలేదు. అత్తగారికి మాత్రం ఆ మాట, "మీ ఉద్యోగం ఊడింది, ఇంటికి వెళ్ళండి" అన్నట్టు వినిపించింది. ఒట్టి మంచినీళ్ళతో తుడిచినా తన ఇల్లు తనకు శుభ్రంగానే ఉండేది మరి.

"ఇల్లా ఇది, ఆపరేషను థియేటరా?" అని ముక్కు మూసుకుంది అత్తగారు. అలవాటు పడతారులే అనుకుంది కోడలు. తరవాతి వారం అత్తగారు, "అరికాళ్ళు మంటలమ్మాయ్, నిప్పుల మీద నడిచినట్టుంది" అంది. "నూనె రాసుకోండి అత్తయ్యా" అంది కోడలు. అంతకు ముందు వారం భుజం, ఆ ముందు వారం మోకాలు, ఆవిడ ఒంట్లో రోజుకో చోట ఏదో ఒకటి ఉంటుంది. చెవిన వేసుకుంటే పూట గడవదు.

ఇదిగో, ఆ తరవాత వారంలోనే దొరసాని తిండి మానేసింది.

మొదట కోడలికి ఏమీ పాలుపోలేదు. చేప ఉడికించి పెడితే పరుగెత్తుకొచ్చి, మూతి పెట్టి పారిపోయింది. చేప పాతదేమోనని కొత్తది తెచ్చింది. అదీ అంతే. ముల్లు గుచ్చుకుందేమోనని కోడిమాంసం మెత్తగా చేసి పెడితే, తల ఒక పక్కకు వాల్చి ఎడమ దవడతో రెండుసార్లు నమిలి, కిందపడేసి, ముందుకాలితో మూతిని గబగబా రుద్దుకుంది. పాలు పోస్తే పాలకేసి చూస్తూ కూర్చుంది. ఆకలి ఉంది, తినదు. కోపం ఉంది, ఎవరి మీదో తెలియదు. మూడో రోజుకు గడ్డం కింద జొల్లు తీగలా సాగి, తెల్లని రొమ్ము తడిసి ముద్దయింది. పూటపూటా ఒళ్ళు నాక్కుని నిగనిగలాడే పిల్లి నాక్కోవడం మానేసింది. నడుం మీద బొచ్చు అట్టలు కట్టింది. దగ్గరికి వస్తే నోటినుంచి కుళ్ళిన వాసన.

"పిల్లికి దిష్టి తగిలిందంటారా?" అని అడుగుదామనుకుంది కోడలు. అడిగితే ఎవరి దిష్టి అన్న మాట వస్తుందని నోరు మూసుకుంది.

చివరికి దాన్ని పాత తువ్వాల్లో పొట్లంలా చుట్టి, కిటికీ దగ్గర ఒళ్ళో పెట్టుకుని, పెదవి పక్కకు ఎత్తి చూసింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నాలుక అంచున, కొస మీద, గోరంత గోరంత పుండ్లు, చుట్టూ ఎరుపు, మధ్యలో తెల్లని పొర. చూడగానే కోడలికి తన నోట్లో నొప్పి పుట్టినట్టయింది.

"నోటిపూత అత్తయ్యా! పాపం, దీనికి నోరంతా పుండ్లే. అందుకే తినలేకపోతోంది."

"పిల్లికి నోటిపూతేమిటి, చోద్యం కాకపోతే! నేను పెట్టినన్నాళ్ళూ రాలేదే?"

కోడలు వీధి చివర మందులషాపుకు పోయి, మనుషులు నోటిపూతకు రాసుకునే జిగురుమందు తెచ్చింది. వేలికి తీసుకుని నోట్లో పెట్టబోతే దొరసాని తువ్వాల్లోంచి జారి, ఆ వేలిని కరిచి, అలమారు మీదికెక్కి కూర్చుంది. అది కరవడమే మంచిదైందని ఆ తరవాత తెలిసింది.

పిల్లుల డాక్టరు కుర్రాడే. చేతులనిండా పాత గీతలూ కొత్త గీతలూ. కోడలి వేలి కట్టు చూసి సాటి మనిషి దొరికినట్టు నవ్వాడు. ఆమె సంచిలోంచి మందు గొట్టం తీయగానే నవ్వు ఆపేశాడు.

"ఇది పూశారా?"

"పూయనిస్తేగా, డాక్టరుగారూ!"

"బతికిపోయింది. మనిషైతే ఉమ్మేస్తాడు, ఇది మింగేస్తుంది. మనకు మందైనది పిల్లికి విషమమ్మా. ఇంట్లో నొప్పిబిళ్ళలు కూడా ఎప్పుడూ వేయకండి."

దొరసాని నోరు తెరిచి చిన్న లైటు వేసి ఆమెకు చూపించాడు. నాలుక కింద, అంగిట్లో కూడా ఉన్నాయి పుండ్లు. అవి ఒక్క కారణం వల్లే రావనీ, పళ్ళు చెడినా, మూత్రపిండాలు చెడినా, జలుబు వైరసు పట్టినా ఇలాగే ఉంటాయనీ చెప్పాడు. పిల్లి రెండు రోజులు తిండి మానేస్తే లివరు దెబ్బతింటుందట. అది మరీ ప్రమాదమట. రక్తం తీసుకున్నాడు, రెండు రోజులు ఇక్కడే ఉంచండన్నాడు.

"ఏదైనా నాకిందా? రంగులూ, ఆసిడ్డూ, అలాంటివేమైనా?"

"మా ఇంట్లోనా!" కోడలు నడుం నిటారుగా పెట్టింది. "మా నేల మీద నేరుగా వడ్డించుకుని తినొచ్చు, డాక్టరుగారూ."

డాక్టరు తల ఊపి చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

రెండు రోజులు సెలైనూ, పిల్లులకిచ్చే నొప్పిమందూ పడ్డాక మూడోనాడు దొరసాని మెత్తటి తిండి గిన్నెడు నాకేసింది. రక్తంలో దోషమేమీ కనబడలేదు. వైరసే అయి ఉంటుందన్నాడు డాక్టరు. గిన్నెలూ, పడుకునే చోటూ శుభ్రంగా ఉంచమన్నాడు.

శుభ్రం మాట ఈవిడకు చెప్పాలా? ఆరోజు నుంచి ఇల్లు రెండు పూటలా తుడిచింది. మంచాల కింద, తలుపుల వెనక, దొరసాని ఎండ కాచుకునే కిటికీ అరుగు, దేన్నీ వదల్లేదు. బకెట్‌కి ఒక కప్పు, అర చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ గదీ గదీ తిరిగింది. అవి ఆసుపత్రి నాటి అలవాటు, ఇంట్లోనూ విప్పదు.

మూడో రోజు సాయంత్రం దొరసాని గిన్నె దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. మూతి పెట్టింది. బుస్సుమని వెనక్కి గెంతింది.

అదే గిన్నె, అదే తిండి, డాక్టరు దగ్గర కొన్నదే. అక్కడ తిన్నది ఇక్కడ తినదేం? కోడలు నీళ్ళు మార్చింది. గిన్నె మార్చి తన చిన్న కంచం పెట్టింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని మళ్ళీ పెట్టింది. అప్పటికీ తినకపోతే, తను వంటింట్లో దాక్కుని, ఎవరూ పెట్టనట్టు గిన్నెను కాలితో ముందుకు తోసి చూసింది. మహా తెలివి! పిల్లి గిన్నెకేసి కాక ఆ కాలికేసే చూసింది. ఆ సాయంత్రమంతా ఆమె కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

వరండాలో అత్తగారు కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. గుసగుసే, కానీ అత్తగారి గుసగుస వీధి మలుపు దాకా వినబడుతుంది.

"డాక్టరు చేత తింటుందే, నీ వదిన చేత తినదు. ఏం పెడుతోందో ఏమో, నాకేం తెలుసు? మూగజీవం చెప్పలేదు కదా... నాకు మనసేం బాగాలేదే."

కోడలు స్టవ్ ముందు అలాగే నిలబడిపోయింది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండింటి కిందా ఒక భయం ఉంది, అది అన్నింటికన్నా అధ్వానం. నిజంగానే నా చేతిలో ఏదో ఉందా? ఎంతమంది రోగులు ఈ చేతులు తుడిచిన నేల మీద నడిచి ఇంటికి వెళ్ళలేదు? ఒక్క పిల్లి విషయంలో ఎక్కడ తప్పాను? ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు.

ఫోను పెట్టేసి అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఈసారి గుసగుస లేదు.

"అది దక్కకపోతే నేను ఈ ఇంట్లో ఉండలేనమ్మాయ్. నా కూతురింటికి పోతా. నువ్వూ నీ నేలా హాయిగా ఉండండి."

మర్నాడు పొద్దున్నే కోడలు దొరసానిని బుట్టలో పెట్టుకుని మళ్ళీ డాక్టరు బల్ల ముందు నిలబడింది. డాక్టరు నోరు తెరిచి చూసి బుర్ర గోక్కున్నాడు.

"నాకూ అర్థం కావట్లేదమ్మా. ఇక్కడ పన్నెండు పిల్లుల మధ్య ఉంది, ఒక్కదానికీ అంటలేదు. ఇక్కడ తగ్గుతుంది, మీ ఇంట్లో తిరగబెడుతుంది. అన్నీ పాత పుండ్ల పక్కనే కొత్తవి. చూస్తే కాలినట్టున్నాయి."

"మా ఇంటికేమైనా పట్టిందంటారా?" అని అడిగేసింది కోడలు. ఆసుపత్రిలో ఎవరైనా ఆ మాట అంటే చెడామడా తిట్టే మనిషి ఆవిడ.

డాక్టరు సూది పెట్టడానికి దొరసాని ముందుకాలు పట్టుకుని, వేళ్ళు విడదీసి, అక్కడే ఆగిపోయాడు. రెండో కాలు చూశాడు. వెనక కాళ్ళు చూశాడు. తెల్లని మేజోళ్ళ కింద, మెత్తల మధ్య సందుల్లో చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"మొన్న నోరే చూశాను, కాళ్ళు చూడలేదు. నాదే పొరపాటు," అన్నాడు. "పిల్లి కాళ్ళు కడుక్కోదమ్మా, నాక్కుంటుంది. నడిచిన చోట ఏముంటే అది కాళ్ళకంటుతుంది, అక్కణ్ణుంచి నాలుకకెక్కుతుంది. పాపం, దీని అరికాళ్ళు మండుతూ ఉండాలి."

అరికాళ్ళు మంటలమ్మాయ్.

కోడలు తల వంచి తన కాళ్ళకేసి చూసుకుంది. రబ్బరు చెప్పులు. మొగుడు ఇంట్లో ఉన్న కాసేపూ బూట్లో మేజోళ్ళో ఉంటాయి. ఆ ఇంట్లో ఒట్టికాళ్ళతో తిరిగేది ఇద్దరే ఇద్దరు.

"నేల దేంతో తుడుస్తారు?" అడిగాడు డాక్టరు.

"ఆసుపత్రి మందే. కొలత తప్పను డాక్టరుగారూ, బకెట్‌కి ఒక..."

గది మూల చిన్న ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఉంది, అంచున తడిగుడ్డ ఆరేసి. ఇంట్లో ఉన్నదీ సరిగ్గా అంతే. పది లీటర్లు పడుతుంది. వార్డులో బండి మీది బకెట్ నలభై. ముప్పయ్యొక్క ఏళ్ళు బకెట్ కేసి చూడకుండా కప్పు వంచిన చెయ్యి, ఇంట్లోనూ చూడలేదు. కొత్తమ్మాయి రెండు కప్పులు పోస్తే ఏడిపించింది. తను నాలుగు కప్పుల లెక్కన, అదీ రెండు పూటలా, ఒక ముసలామె కాళ్ళ కిందా ఒక పిల్లి కాళ్ళ కిందా పోస్తూ వచ్చింది.

"ఒక?" అన్నాడు డాక్టరు.

"కొంచెమే," అని కోడలు నీళ్ళు నమిలింది.

డాక్టరు రెట్టించలేదు. ఆ మందు కొంచెమైనా మానేయమన్నాడు. నేలంతా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాకనే పిల్లిని దింపమన్నాడు. అప్పటికప్పుడు నాలుగు కాళ్ళూ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, నొప్పిమందు చుక్కలిచ్చాడు. పూటకో కొలత, చుక్క కూడా మించకూడదు. తిండి మెత్తగా, పలచగా, గోరువెచ్చగా పెట్టాలి. ఈసారి మొదటి రోజే తెచ్చారు కాబట్టి ఉంచక్కర్లేదనీ, వారంలో మానిపోతుందనీ చెప్పాడు.

బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కోడలు కిటికీ పక్కన కూర్చుంది. ఆనందం రావలసింది, రాలేదు. పిల్లి దక్కింది. పిల్లిని ఆ గతికి తెచ్చింది తనే. అత్తగారు వీధి మలుపు దాకా వినబడేలా అన్నది నిజమే అయింది. అయితే ఈ సంగతి ఎవరికి తెలుసు? డాక్టరు చెప్పడు. పిల్లి చెప్పలేదు. డబ్బా ఎవరి కంటా పడకుండా తీసేసి, అత్తగారు అటు వెళ్ళినప్పుడు ఇల్లు కడిగేసి, వైరసు తగ్గిందంటే సరి. ఎవరికీ నష్టం లేదు. అప్పుడు అత్తగారు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఒక మంచి మాట కూడా అంటుందేమో. బస్సు దిగేసరికి కోడలు గట్టిగా నిశ్చయించేసుకుంది. మీరూ నేనూ అయినా అదే చేసి ఉందుము, పెద్ద చెప్పొచ్చాం.

తలుపు తోయగానే వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. వార్డులో కూడా ఆమె అంత ఘాటు ఎరగదు.

హాలు మధ్యలో అత్తగారు, చీర మడమల పైకి దోపుకుని, ఒట్టికాళ్ళతో, ఎర్ర బకెట్లో మోచేతుల దాకా చేతులు పెట్టి గుడ్డ పిండుతోంది. నేల అద్దంలా మెరుస్తోంది. పక్కన డబ్బా, దాని మెడకు ఇంకా ఎర్ర రిబ్బను.

"వచ్చావా? అక్కడే ఆగు, ఆరనీ," అంది అత్తగారు ఆయాసపడుతూ. "రెండు కప్పులు పోశా. జబ్బుపిల్లి వస్తోంది కదా, నువ్వు పోసే ఒకటి చాలదనిపించింది."

"అత్తయ్యా, మీరెందుకు..."

"మాట్లాడనీ నన్ను. నువ్వు అలా బుట్ట పట్టుకుని పోతుంటే వెనకనుంచి చూశా. ఊరికే నిన్ను ఆడిపోసుకుంటున్నానేమో అనిపించింది. అంత పెద్దాసుపత్రిని శుభ్రం చేసిన మనిషివి, నీకు తెలియదా? నువ్వు దానికి చెయ్యనిదేముంది? నా కూతురైనా ఇంత చెయ్యదు." ఆవిడ నేలకేసి చూస్తూ అంది. "ఊఁ, దింపు దాన్ని. కాళ్ళు సాగేలా కాస్త తిరుగుతుంది."

ముప్పయిమూడేళ్ళుగా ఎదురుచూసిన మాట. వచ్చింది. అక్కడ ఏడ్వాలో నవ్వాలో తెలియక కోడలు గుమ్మంలో బుట్టతో నిలబడిపోయింది. బుట్టలో దొరసాని నేలకేసి చూసి కాళ్ళు ముడుచుకుంది.

"దింపమంటే!"

"దింపను అత్తయ్యా."

"ఏం? ఇంకా అలిగావా?"

"మీరు ముందు ఆ చేతులు బయటికి తీయండి. తీయండి! బయట పంపు దగ్గరికి రండి, కాళ్ళు కడుక్కోండి." కోడలు బుట్టను ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది. "దాని నోరు పాడుచేసింది ఆ మందే. నేనే. వార్డు బకెట్ కొలత ఇంటి బకెట్‌లో పోశాను. నలభై లీటర్లకు పోసేది పదికి పోశాను. అది నడిచి కాళ్ళు నాక్కుంది. మీ అరికాళ్ళు మండింది కూడా అందుకే. మీరు చెప్పారు. నేను వినలేదు. మీరన్నదే నిజం, నా చేతిలోనే ఉంది."

అత్తగారు చేతులు పైకి తీసి వాటికేసి చూసుకుంది. తరవాత పాదాలకేసి. తరవాత కోడలికేసి చాలాసేపు చూసింది. ఆ ముఖంలో ఏముందో కోడలికి అప్పుడూ అంతు చిక్కలేదు.

"మంచినీళ్ళతో ఎన్నిసార్లు తుడవాలి?" అని మాత్రం అడిగింది.

"మూడుసార్లు."

దొరసాని బుట్టను వంటింటి గట్టు మీద పెట్టి, అత్తాకోడళ్ళిద్దరూ ఇల్లు మూడుసార్లు తుడిచారు. మూడోసారి అయ్యాక కోడలు రబ్బరు చెప్పులు బయట గుమ్మం దగ్గర విడిచి వచ్చింది. ఇక మీద నేల ఎలా ఉందో తన కాళ్ళకు కూడా తెలియాలనుకుంది. డబ్బాకు మూత బిగించి, ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయడానికి సంచిలో పెట్టింది. నీలం కప్పును మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగింది.

మధ్యాహ్నం వంటింట్లో చేపముక్కను గోరువెచ్చని నీళ్ళతో పలచగా మెదుపుతుంటే, హాల్లో ఫోను మోగింది. అత్తగారు మంచం మీద కూర్చుని, పాదాలు నీళ్ళ బేసిన్‌లో పెట్టుకుని, దొరసానిని ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఆఁ, చెప్పవే... బాగానే ఉంది. రోగమూ లేదు రొష్టూ లేదు, నేల తుడిచే మందు ఎక్కువైందట. కాళ్ళకంటి నోట్లోకి పోయింది... ఎవరా? ఇంకెవరే, నేనే. ముసలిదాన్ని, కొలత తెలియక రెండేసి కప్పులు పోసి తగలేశాను... మీ వదినే కనిపెట్టింది. లేకపోతే దక్కేది కాదు."

కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది. అబద్ధం చెబుతోందా? డెబ్భయ్యారేళ్ళ బుర్రలో ఇవాళ్టి రెండు కప్పులూ నెల రోజుల కప్పులూ కలిసిపోయాయా? లేక తనకు వినబడాలనే అంటోందా? గుసగుస కూడా కాదు, మామూలు గొంతే. ముప్పయిమూడేళ్ళు ఒకే గూట్లో బతికి, ఈ మనిషిని ఇప్పటికీ చదవలేకపోతున్నానే అనుకుంది. వెళ్ళి అడగాలనుంది. ఏమని అడగాలి?

"అక్కడేం వింటున్నావు?" హాల్లోంచి కేక. "చల్లారిపోతుంది, పట్రా!"

కోడలు కళ్ళు తుడుచుకుని గిన్నె తీసుకెళ్ళి అత్తగారికి అందించబోయింది. అత్తగారు చేతులు చాపలేదు. "నువ్వే పెట్టు," అంది.

కోడలు మంచం పక్కన నేల మీద కూర్చుంది. గిన్నె పెడితే మళ్ళీ గెంతుతుందేమోనని భయమేసి, వేలికి కొంచెం తీసుకుని దొరసాని మూతి దగ్గర పెట్టింది. అప్పుడు అది కరిచిన వేలే. దొరసాని వాసన చూసింది. వెనక్కి జరిగింది. ఆ వేలికేసి, ఆమె ముఖంకేసి చూసింది. తరవాత గరుకు నాలుక, నొప్పితో వణుకుతూ, ఒకసారి తగిలింది. ఇంకోసారి తగిలింది. కళ్ళు మూసుకుని, మెల్లగా, వేలు మొదలు దాకా నాకేసి ఇంకొంచెం కోసం చూసింది.

"చేతిదేం తప్పు లేదు," అంది అత్తగారు.

కోడలు తల ఎత్తలేదు. వేలికి ఇంకొంచెం తీసుకుని పెట్టింది.